మాట వినిపిస్తోంది.. అర్థమే కావట్లేదా?

ఆయనకు అరవై దాటాయి. తాండూరు దగ్గర నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పాతికేళ్లకు పైగా పనిచేసి మానేశారు. మధుమేహం ఉంది. పొద్దున, రాత్రి ఇన్సులిన్ తీసుకుంటారు. తెల్లవారుజామున చెమటలు పడుతున్నాయని, చేతులు వణుకుతున్నాయని మా ఓపీకి వచ్చారు. రాత్రిపూట షుగర్ పడిపోతోందని అర్థమైంది. రక్తపరీక్షలు చూస్తే కిడ్నీల పనితీరు కాస్త తగ్గింది. అలాంటప్పుడు ఇన్సులిన్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. అందుకే రాత్రి డోసు 16 యూనిట్ల నుంచి 10కి తగ్గించాను. ‘‘రాత్రికి పది, పెద్దాయనా’’ అని చెప్పాను. ‘‘సరే సార్’’ అంటూ తల ఊపారు. చీటీ మీద కూడా రాశాను.

మూడు రోజుల తర్వాత అర్ధరాత్రి ఆయన్ను 108లో తీసుకొచ్చారు. ఒళ్లంతా తడిసిపోయి ఉంది. పిలిస్తే పలకడం లేదు. షుగర్ 38. గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచారు. బతికారు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను.

తెల్లవారి వార్డులో అడిగాను. ‘‘రాత్రి సూది ఎంత తీసుకుంటున్నరు?’’ ‘‘పదారు సార్. మీరే గద చెప్పింది’’ అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. మర్చిపోనూ లేదు. నేను ‘పది’ అన్నాను. ఆయనకు ‘పదారు’ అని వినిపించింది. చదువు రాదు కాబట్టి చీటీ అక్కరకు రాలేదు. అంతకుముందు నెలల తరబడి పదహారే తీసుకున్నారు కాబట్టి అనుమానమూ రాలేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ ఉదయం వార్డులో ఆయనతో పావుగంట మాట్లాడాను. ఒక్క మాట కూడా రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. మరి ఓపీలో ఎందుకు తప్పింది? ఆయనే చెప్పారు. ‘‘ఇట్ల మీరు నేను ఉంటె మంచిగనే ఇనబడ్తది సార్. నలుగురు ఉన్నకాడ సప్పుడు ఇనబడ్తది గని మాట సమజ్ గాదు.’’

ఇరవై ఏళ్ల డాక్టరీలో వినికిడి సమస్యను ఇంత సూటిగా చెప్పిన మాట నేను మరోటి వినలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి వాళ్లు ఉండి ఉంటారు. ‘నాన్నకు కావాల్సినవి మాత్రం బాగానే వినిపిస్తాయి’ అని మీరు విసుక్కునీ ఉంటారు. ఈ వ్యాసం వాళ్ల కోసం, మీ కోసం.

వినడం వేరు.. అర్థం కావడం వేరు

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగాన్ని కాక్లియా అంటారు. అందులో ఒక్కో చెవికి సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. వీటిలో సుమారు 3,500 లోపలి వరుసలో ఉండి, శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చి మెదడుకు పంపుతాయి. మిగతావి బయటి వరుసల్లోవి. సన్నని శబ్దాన్ని పెంచడం, దగ్గరదగ్గరగా ఉండే రెండు శబ్దాలను విడదీయడం వీటి పని. పెద్ద శబ్దాలకు, వయసుకు, కొన్ని మందులకు ముందుగా దెబ్బతినేది ఈ బయటి వరుసల కణాలే. చర్మం, ఎముకల మాదిరిగా ఇవి మళ్లీ పుట్టవు. పోయినవి పోయినట్టే.

ఇవి దెబ్బతింటే రెండు నష్టాలు. మొదటిది, సన్నని శబ్దాలు వినపడవు. రెండోది, వినపడినవి కూడా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తడిసిన కాగితం మీద సిరా అలుక్కుపోయినట్టన్నమాట. అక్కడ అక్షరాలున్నాయని తెలుస్తుంది. చదవబోతే రావు.

మన మాటలో అచ్చుల బలం ఎక్కువ. అ, ఆ, ఉ, ఊ లాంటివి తక్కువ పౌనఃపున్యంలో గట్టిగా వినపడతాయి. క, త, ప, చ, స, శ లాంటి హల్లులు బలహీనమైనవి. పైగా ఎక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి. వయసుతోనూ, రణగొణ ధ్వనులతోనూ ముందు దెబ్బతినేది ఆ ఎక్కువ పౌనఃపున్యాల వినికిడే. దాంతో ‘కప్పు’ తెమ్మంటే ‘పప్పు’ అనిపిస్తుంది. ‘పాలు’ అంటే ‘కాలు’ అనిపిస్తుంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. ఏం మాట్లాడుతున్నారో తెలియదు.

గది నిశ్శబ్దంగా ఉంటే ఈ లోటును మెదడు పూడ్చుకుంటుంది. ఎదుటివారి పెదవులు, సందర్భం, పాత అలవాటు చూసి ఖాళీలు నింపుతుంది. చుట్టూ గోల ఉంటే మిగిలిన ఆ కాస్త ఆధారం కూడా మునిగిపోతుంది. అప్పుడు మెదడు ఊహ మీద ఆధారపడుతుంది. మా పెద్దాయన విషయంలో జరిగింది ఇదే. ‘పద..’ వరకు చెవిన పడింది. మిగతాది అలవాటు పూరించింది.

ఆ రోజు తర్వాత మా ఓపీ గదిలో ఫోన్ యాప్‌తో శబ్దం కొలిచి చూశాను. ఫోన్ కొలత అంత కచ్చితం కాదు. అయినా 70 డెసిబెల్స్‌కు అటూ ఇటూ చూపించింది. మామూలుగా మాట్లాడుకునే గొంతు మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్. అంటే నా మాట కంటే గోలే పెద్దది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఆస్పత్రుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతం. పగలు 50 డెసిబెల్స్ దాటకూడదు. బయట బోర్డు పెట్టగలం. లోపల ఫ్యాను, టోకెన్ల పిలుపు, పిల్లల ఏడుపు, రోగి వెంట వచ్చిన నలుగురి మాటలు.. వీటిని ఏ బోర్డు ఆపుతుంది?

మామూలు పరీక్షలో ఎందుకు బయటపడదు?

వినికిడి పరీక్ష అనగానే మనకు తెలిసింది ఆడియోమెట్రీ. నిశ్శబ్దంగా ఉండే గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, ‘కూ..’ అనే ధ్వనులు వినిపిస్తారు. వినపడగానే చెయ్యెత్తాలి లేదా బటన్ నొక్కాలి. 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు ఒక్కో పౌనఃపున్యంలో ఎంత చిన్న శబ్దం వినగలరో గ్రాఫ్ గీస్తారు. ఇది చాలా అవసరమైన పరీక్ష. లోపం బయటి చెవిదా, లోపలి చెవిదా, ఎంత తీవ్రమైందో దీంతోనే తెలుస్తుంది. శబ్దం వల్ల దెబ్బతిన్న చెవుల్లో 4,000 హెర్ట్జ్ దగ్గర గ్రాఫ్ గుంటలా దిగుతుంది. రాళ్ల యూనిట్లలో పనిచేసినవారిలో ఈఎన్‌టీ డాక్టర్లు ముందు వెతికేది ఈ గుంటనే.

అయితే మనం బతికేది నిశ్శబ్దపు గదిలో కాదు. బస్సులో, పెళ్లిలో, క్లాస్‌రూంలో, బ్యాంకు కౌంటర్ దగ్గర. ఒకే రకం గ్రాఫ్ వచ్చిన ఇద్దరిలో ఒకరు గోలలో బాగానే నెట్టుకొస్తారు, ఇంకొకరు పూర్తిగా తడబడతారు. గ్రాఫ్ దాదాపు మామూలుగానే ఉండి, నలుగురిలో మాట అందని వాళ్లూ ఉన్నారు. అందుకే గోలలో మాట ఎంత అర్థమవుతోందో విడిగా పరీక్షించాలి.

ఈ పరీక్ష చేసే తీరు సులువే. హెడ్‌ఫోన్‌లో ఒక చిన్న వాక్యమో, మూడు అంకెలో వినిపిస్తారు. వెనకాల గోల ఉంటుంది. విన్నది తిరిగి చెప్పాలి. సరిగ్గా చెబితే తర్వాతి సారి గోల పెంచుతారు లేదా మాట తగ్గిస్తారు. తప్పు చెబితే కాస్త సులువు చేస్తారు. అలా పైకీ కిందకీ మార్చుకుంటూ, సగం మాటలు సరిగ్గా పట్టగలిగే హద్దు ఎక్కడుందో తేలుస్తారు. మంచి వినికిడి ఉన్నవారు గోల మాట కంటే కాస్త పెద్దగా ఉన్నా సగం పట్టేస్తారు. వినికిడి లోపం ఉన్నవారికి మాటే గోల కంటే కొన్ని డెసిబెల్స్ పైన ఉండాలి. ‘కొన్ని డెసిబెల్సే కదా’ అనుకోవద్దు. ఆ హద్దు దగ్గర ఒక్క డెసిబెల్ తేడా వస్తే అర్థమయ్యే మాటల్లో పది శాతానికి పైగా తేడా వస్తుంది.

పరీక్ష ఏ భాషలో పెట్టాలి?

ఇక్కడే అసలు చిక్కు. ‘కూ..’ అనే ధ్వనికి భాష లేదు. మాటకు ఉంది. రాని భాషలో, అరకొరగా వచ్చిన భాషలో పరీక్ష పెడితే తేలేది చెవి సంగతి కాదు, చదువు సంగతి.

దీన్ని బాగా పట్టించుకున్న దేశాల్లో దక్షిణాఫ్రికా ఒకటి. అక్కడ మనలాగే చాలా భాషలు. డచ్చి వలసదారుల మాటల్లోంచి పుట్టిన ఆఫ్రికాన్స్ లక్షలాది మందికి ఇంటి భాష. వాళ్లను ఇంగ్లిష్ వాక్యాలతో పరీక్షిస్తే ఫలితం నమ్మదగ్గది కాదని, 2011లో అక్కడి పరిశోధకులు ఆఫ్రికాన్స్ వాక్యాలతో గోలలో వినికిడి పరీక్షను రూపొందించి ప్రచురించారు. అంతకుముందే 2004లో నెదర్లాండ్స్‌లో, ఫోన్‌లో మూడు అంకెలు వినిపించి చేసే తేలికైన పరీక్ష వచ్చింది. దక్షిణాఫ్రికాలో 2016లో దాన్ని స్మార్ట్‌ఫోన్ యాప్‌గా తెచ్చారు. ఇంటి భాష ఏదైనా అంకెల వరకు ఇంగ్లిష్ చాలామందికి వస్తుందన్నది దాని వెనకున్న ఆలోచన. అయినా ఇంగ్లిష్ అంతగా రానివాళ్లకు అంకెల్లో కూడా ఫలితం కాస్త తక్కువగానే వచ్చింది. చెవి బాగున్నా సరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన ‘హియర్‌డబ్ల్యూహెచ్‌ఓ’ యాప్ కూడా ఈ అంకెల పద్ధతిలోనే పనిచేస్తుంది.

మరి తెలుగులో? మన వాళ్లూ ఊరుకోలేదు. గోలలో వినికిడిని పరీక్షించడానికి సమాన కష్టం ఉన్న తెలుగు వాక్యాల జాబితాలను తయారుచేసిన పరిశోధన 2017లో అంతర్జాతీయ ఆడియాలజీ పత్రికలో వచ్చింది. ‘సమాన కష్టం’ అన్న మాట ముఖ్యం. వినికిడి యంత్రం పెట్టక ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి పరీక్షించాలి. రెండుసార్లూ అవే వాక్యాలైతే రోగి గుర్తుపెట్టుకుని చెప్పేస్తాడు. వేరే వాక్యాలు వాడితే, రెండో జాబితా సులువుగా ఉందేమో అన్న అనుమానం. అందుకే ఒక్కో జాబితాను తూకం వేసినట్టు సరిచూడాలి. వాక్యం చిన్నగా ఉండాలి, రోజూ వాడే మాటలుండాలి, మొదటి సగం వింటే రెండో సగం ఊహించేసేలా ఉండకూడదు.

అంకెల పరీక్షకైతే తెలుగులో ఇంకో ఇబ్బంది. ఆఫ్రికాన్స్‌లో 7, 9 తప్ప 1 నుంచి 9 వరకు మిగతా అంకెలన్నీ ఒక్క విరుపులో పలికేవే. తెలుగులో ‘రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు’ రెండక్షరాలవి. ‘ఒకటి, నాలుగు, తొమ్మిది’ మూడక్షరాలవి. ‘ఎనిమిది’ ఒక్కదానికే నాలుగు. మాట అసలు అర్థం కాకపోయినా, పొడుగును బట్టి ‘ఎనిమిది అయి ఉంటుంది’ అని చెప్పేయొచ్చు. ‘మూడు’, ‘ఏడు’ మాత్రం గోలలో కవలపిల్లల్లా కనిపిస్తాయి. ఒక్కో అంకె గట్టితనాన్ని సరిచేసి, అన్నీ ఒకే కష్టంలో ఉండేలా రికార్డు చేస్తేగానీ పరీక్ష న్యాయంగా ఉండదు.

ఇక మన వికారాబాద్, తాండూరు సంగతి చూడండి. కర్ణాటక సరిహద్దు. ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, కన్నడ, తండాల నుంచి వచ్చేవారి లంబాడీ. తెలుగు కూడా పుస్తకాల తెలుగు కాదు. మా ఓపీలో ‘వినిపిస్తోందా’ అని అడిగితే కొందరు ఒక్క క్షణం ఆగుతారు. ‘ఇనబడ్తుందా’ అంటే వెంటనే తల ఊపుతారు. ఆ ఒక్క క్షణం నిశ్శబ్దంలో పెద్ద లెక్క కాదు. గోలలో అదే పెద్ద తేడా. కాబట్టి మీ పెద్దవాళ్లను పరీక్షకు తీసుకెళ్లినప్పుడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఆడియాలజిస్టుకు ముందే చెప్పండి. మనం మొహమాటపడి చెప్పకుండా వదిలేసే మాట అది.

మన దగ్గర ఎవరికి ముప్పు?

రాళ్ల పనివారు: తాండూరు పేరు చెబితే కందిపప్పు తర్వాత గుర్తొచ్చేది నాపరాయే. రాయి కోసే, పాలిష్ చేసే యంత్రాల దగ్గర శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలే. మన ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం రోజుకు 8 గంటలకు 90 డెసిబెల్స్ హద్దు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫార్సు ఇంకా గట్టిది. 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగం. అంటే 94 దగ్గర గంటే. సిమెంటు ఫ్యాక్టరీలు, పప్పు మిల్లులు, క్రషర్లలో పనిచేసేవారికీ ఇదే వర్తిస్తుంది. చెవుల్లో దూది పెట్టుకుంటే సరిపోదు. ఇయర్ ప్లగ్స్ లేదా చెవులను కప్పే మఫ్స్ కావాలి. మీరు యూనిట్ యజమాని అయితే వీటికయ్యే ఖర్చు ఒక్క బండ ధరతో పోల్చి చూసుకోండి.

మధుమేహం, బీపీ ఉన్నవారు: లోపలి చెవికి రక్తం అందించే నాళాలు చాలా సన్ననివి. మధుమేహం కంటిని, కిడ్నీని దెబ్బతీసినట్టే చెవినీ దెబ్బతీయగలదు.

కొన్ని మందులు వాడినవారు: క్షయ ఆస్పత్రికి పేరుపడ్డ అనంతగిరి గుట్టలు మన జిల్లాలోనే ఉన్నాయి. పాత రోజుల్లో క్షయకు ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ సూదులు, ఆ తర్వాత మొండి క్షయకు వాడిన కనామైసిన్, అమికాసిన్ వినికిడిని దెబ్బతీయగలవు. ఇప్పటి చికిత్సలో ఎక్కువగా మాత్రలే. మీ ఇంట్లో ఎప్పుడో ఈ సూదులు వేయించుకున్నవారు ఉంటే డాక్టరుకు చెప్పండి. అలాగని క్షయ మందులను మీ అంతట మీరు ఆపేయకండి.

పిల్లలు, యువత: ‘క్లాసులో శ్రద్ధ లేదు’ అని టీచర్ చెబితే చెవి కూడా చూపించండి. జలుబు తర్వాత మధ్య చెవిలో నీరు చేరితే ఇంట్లో బాగానే పలికే పిల్లలు, 40 మంది ఉన్న తరగతిలో వెనకబడతారు. పెద్ద పిల్లలకు ఇయర్‌ఫోన్స్ బెడద. వారానికి 40 గంటలకు మించకుండా 80 డెసిబెల్స్ వరకే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. వాల్యూమ్ 60 శాతం దాటకుండా చూసుకోండి. బరాత్‌లో డీజే బాక్సుల పక్కన నిలబడటం గురించి వేరే చెప్పాలా?

ఇంట్లోనే గుర్తుపట్టండి

ఈ ప్రశ్నలకు జవాబు చూసుకోండి.

– టీవీ సౌండ్ ఇంట్లో మిగతా వాళ్లకు ఎక్కువగా అనిపిస్తోందా?
– ఒకరితో మాట్లాడితే బాగానే ఉండి, ముగ్గురు నలుగురు కూర్చుంటే మౌనంగా ఉండిపోతున్నారా?
– మగవారి గొంతు కంటే ఆడవారి, పిల్లల మాటలు అర్థం కావడం కష్టంగా ఉందా?
– అడిగిన దానికి సంబంధం లేని జవాబు వస్తోందా? నవ్వి తల ఊపేస్తున్నారా?
– వికారాబాద్ జంక్షన్‌లో ప్లాట్‌ఫాం ప్రకటన వినపడినా ఏ రైలో తెలియక పక్కవారిని అడుగుతున్నారా?
– చెవుల్లో ‘గుయ్’ మనే శబ్దం వస్తోందా?

రెండు మూడింటికి ‘అవును’ అయితే పరీక్ష చేయించండి. ఇంగ్లిష్ అంకెలు బాగా తెలిసినవారు ముందుగా ‘హియర్‌డబ్ల్యూహెచ్‌ఓ’ యాప్ ప్రయత్నించొచ్చు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, గోలలో వినపడే మూడేసి అంకెలను నొక్కాలి. అయిదు నిమిషాల్లోపు అయిపోతుంది. మార్కులు తక్కువొస్తే డాక్టరును కలవమని గుర్తే తప్ప, అది రోగ నిర్ధారణ కాదు.

ఇంట్లో ఇంకో తేలిక పద్ధతి. వంటింట్లో మిక్సీయో, హాల్లో టీవీయో నడుస్తుండగా, మీ నోరు కనపడకుండా వెనక రెండు మీటర్ల దూరంలో నిలబడి మామూలు గొంతుతో మూడు అంకెలు చెప్పండి. తిరిగి చెప్పమనండి. ఇంట్లో మంచి వినికిడి ఉన్న ఇంకొకరికీ అలాగే చేయండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు: ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే అదే రోజు ఈఎన్‌టీ డాక్టరును కలవండి. తొలి రోజుల్లో చికిత్స మొదలైతేనే ఫలితం మెరుగ్గా ఉంటుంది. చీము, రక్తం, కళ్లు తిరగడం, మూతి వంకర పోవడం, ఒకే చెవిలో లోపం, ఒకే చెవిలో శబ్దం ఉన్నా ఆలస్యం చేయకండి.

చికిత్స ఏమిటి?

ముందు చెవిలోకి చూడాలి. గట్టిపడిన గులిమి, మధ్య చెవిలో నీరు, కర్ణభేరికి రంధ్రం లాంటివైతే నయం చేయొచ్చు. పిన్నీసు, అగ్గిపుల్ల, వేడి నూనె జోలికి మాత్రం పోవద్దు.

లోపలి చెవి లోపానికి వినికిడి యంత్రమే దారి. ఇక్కడ ఓ మాట నిజాయతీగా చెప్పాలి. యంత్రం శబ్దాన్ని పెంచుతుంది. కలిసిపోయిన మాటలను పూర్తిగా విడదీయలేదు. అందుకే గోలలో సమస్య తగ్గుతుంది కానీ మాయం కాదు. ఎదుటి నుంచి వచ్చే మాటను ఎక్కువగా, వెనక గోలను తక్కువగా పట్టే మైకులున్న యంత్రాలు కొంత నయం. లోపం రెండు చెవులకూ ఉంటే రెండింటికీ పెట్టుకోవడం మంచిది. మాట ఏ దిక్కు నుంచి వస్తోందో తేల్చుకోవడానికి, గోలలోంచి దాన్ని ఏరుకోవడానికి మెదడుకు రెండు చెవులూ కావాలి. మొదటి కొన్ని వారాలు గిన్నెల చప్పుడు కూడా చికాకు పెడుతుంది. చాలా యంత్రాలు డ్రాయర్‌లోకి చేరేది ఈ వారాల్లోనే. రోజుకు రెండు గంటలతో, ఇంట్లోనే మొదలుపెట్టి మెల్లగా పెంచండి. సెట్టింగులు సరిచేయించడానికి ఆడియాలజిస్టు దగ్గరకు మళ్లీ వెళ్లండి. పరీక్ష లేకుండా ఆన్‌లైన్‌లో కొన్న యంత్రంతో ఇది కుదరదు.

ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో ఈఎన్‌టీ విభాగానికి వెళ్లండి. పెద్ద పరీక్షలు అవసరమైతే హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. ఆదాయ పరిమితికి లోబడి కేంద్ర ప్రభుత్వ ‘అడిప్’ పథకం కింద వినికిడి యంత్రాలు ఉచితంగా గానీ రాయితీతో గానీ ఇస్తారు.

వయసైంది కదా, ఎందుకులే అనకండి. 2024లో లాన్సెట్ కమిషన్, మనం జాగ్రత్తపడగలిగిన 14 మతిమరుపు ముప్పు కారణాల జాబితాలో వినికిడి లోపాన్నీ చేర్చింది. అంతకంటే ముందు జరిగే నష్టం ఇంకొకటి ఉంది. మాట అందని మనిషి నలుగురిలోకి రావడం మానేస్తాడు.

అరవకండి.. దగ్గరకు రండి

– అరిస్తే అచ్చులే గట్టిపడతాయి, హల్లులు కావు. పైగా ముఖంలో కోపం కనిపిస్తుంది. దానికి బదులు దగ్గరకు రండి. రెండు మీటర్ల దూరం నుంచి ఒక మీటరుకు వస్తే మీ మాట దాదాపు 6 డెసిబెల్స్ పెరిగినట్టే.
– ముందు పేరుతోనో, వరుసతోనో పిలిచి, మీ వైపు చూశాకే విషయం చెప్పండి. వెలుగు మీ ముఖం మీద పడాలి.
– టీవీ, మిక్సీ ఆపి మాట్లాడండి.
– అర్థం కాకపోతే అదే మాటను మళ్లీ మళ్లీ చెప్పొద్దు. మాట మార్చి చెప్పండి. ‘మూడుకు’ తెలియకపోతే ‘మధ్యాహ్నం అన్నం తిన్నాక, మూడు గంటలకు’ అనండి.
– ‘అర్థమైందా’ అని అడగొద్దు. ఎవరైనా అవుననే అంటారు. ‘నేనేం చెప్పానో ఒకసారి చెప్పండి’ అనండి. మందులు, డబ్బు, తేదీల విషయంలో ఇది తప్పనిసరి.
– డాక్టరు దగ్గరకు పెద్దవాళ్లను ఒంటరిగా పంపకండి. డోసు మారితే పాత చీటీ మీద కొట్టేసి, కొత్త అంకెను పెద్దగా రాయించుకోండి.

ఈ చివరి రెండూ నేను ఆ పెద్దాయన నుంచి నేర్చుకున్నవి. ఇప్పుడు ఇన్సులిన్ డోసు మార్చిన ప్రతిసారీ రోగి చేత తిరిగి చెప్పిస్తాను. చదువు రాకపోతే సిరంజి మీద ఎక్కడి వరకు లాగాలో గీత చూపించి, వాళ్ల చేత లాగించి చూస్తాను. అర నిమిషం ఎక్కువ పడుతుంది. బయట క్యూలో ఉన్నవారు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఆయనకు పరీక్షలో రెండు చెవుల్లోనూ 4,000 హెర్ట్జ్ దగ్గర ఆ గుంట స్పష్టంగా కనిపించింది. యంత్రాలు పెట్టించారు. మొన్న చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఎలా ఉందని అడిగాను. ‘‘పెండ్లిల్ల కాడ ఇంక కష్టమే సార్. గని ఇంట్ల మనవరాలు మాట్లాడ్తే తెలుస్తుంది’’ అన్నారు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, నేను అడగకుండానే చెప్పారు. ‘‘రాత్రికి పది సార్. పదారు గాదు.’’